టీఎన్ వీసా: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలో తొమ్మిదేళ్లు, ఆ తర్వాత టీఎన్ మీద అమెరికాలో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, అమ్మ ఆరోగ్యం కోసం తిరుపతికి తిరిగొచ్చాను. వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఇంటికొచ్చి ఈ వీసా గురించి అడుగుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. పీలేరు నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి పిల్లల తల్లిదండ్రులు ఫైళ్లు పట్టుకుని వస్తున్నారు. అందరికీ చెప్పే జవాబులు ఒకచోట ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను. నేను లాయరును కాను. మీ కేసులో చిక్కు ఏదైనా ఉంటే అమెరికా ఇమిగ్రేషన్ లాయరుతో తప్పకుండా మాట్లాడండి.

అసలు టీఎన్ అంటే ఏమిటి?

కెనడా, మెక్సికో దేశాల పౌరులు కొన్ని నిర్ణీత వృత్తుల్లో తాత్కాలికంగా అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి. మూడు దేశాలూ ఇరుగుపొరుగు దేశాలు కాబట్టి వాటి మధ్య వాణిజ్య ఒప్పందం ఉంది. ఆ ఒప్పందంలో సరుకుల సంగతితో పాటు, చదువుకున్న వృత్తి నిపుణుల రాకపోకల సంగతి కూడా రాసుకున్నారు. 1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన నాఫ్టా అనే ఒప్పందంతో టీఎన్ మొదలైంది. అంతకు ముందు 1989 నుంచి అమెరికా, కెనడాల మధ్య మాత్రమే ఇలాంటి ఏర్పాటు ఉండేది. 2020 జూలై 1 నుంచి నాఫ్టా స్థానంలో యూఎస్‌ఎంసీఏ అనే కొత్త ఒప్పందం వచ్చింది. టీఎన్ మాత్రం దాదాపు పాత పద్ధతిలోనే నడుస్తోంది.

హెచ్-1బీకి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000 అని లెక్క ఉంది, లాటరీ ఉంది. టీఎన్‌కు ఆ రెండూ లేవు. మార్చిలో రిజిస్ట్రేషన్, అక్టోబరులో చేరడం అనే క్యాలెండరు కూడా లేదు. ఆఫర్ చేతికొచ్చి కాగితాలు సరిగ్గా ఉంటే ఏడాదిలో ఏ రోజైనా వెళ్లవచ్చు. హెచ్-1బీ మీద వేసిన లక్ష డాలర్ల రుసుము దీనికి వర్తించదు. ఈ మాట విన్నాకే చాలామంది కళ్లు మెరుస్తాయి. అందుకే వెంటనే తర్వాతి జవాబు చదవమంటాను.

మా వాడు బీటెక్ చేసి బెంగళూరులో ఉండాడు. వాడికి టీఎన్ వస్తుందా?

రాదు. ఇండియా పాస్‌పోర్టు మీద టీఎన్ రాదు. ఎంత పెద్ద కంపెనీ ఆఫర్ ఇచ్చినా, ఎంత అనుభవం ఉన్నా, ఎవరు సిఫారసు చేసినా రాదు. టీఎన్‌కు మొదటి అర్హత పౌరసత్వం. చదువు, ఉద్యోగం దాని తర్వాతే. ఇండియాతో అమెరికాకు అలాంటి ఒప్పందం లేదు. ఆస్ట్రేలియా పౌరులకు ఈ-3 అని ఏడాదికి 10,500, సింగపూర్ వాళ్లకు 5,400, చిలీ వాళ్లకు 1,400 హెచ్-1బీ1 వీసాలు ఉన్నాయి. అవి కూడా ఆయా దేశాల పౌరులకే.

మా అమ్మాయికి కెనడా పీఆర్ వచ్చింది. అది సరిపోదా?

సరిపోదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పీఆర్ అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి. పీఆర్ ఉన్నా ఆమె ఇంకా భారత పౌరురాలే, పాస్‌పోర్టు ఇండియాదే. టీఎన్‌కు కెనడా పాస్‌పోర్టు కావాలి.

పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే, దరఖాస్తుకు ముందటి ఐదేళ్లలో 1,095 రోజులు కెనడా నేల మీద ఉండాలి. పీఆర్ రాకముందు చదువుకుంటూనో వర్క్ పర్మిట్ మీదో ఉన్న రోజులు ఉంటే ఒక్కో రోజును అర రోజుగా లెక్కగడతారు. అలా గరిష్ఠంగా 365 రోజులు కలిసొస్తాయి. ఇండియాకు వచ్చి గడిపిన సెలవులన్నీ ఈ లెక్కలో తగ్గిపోతాయి, కాబట్టి వచ్చిన తేదీలు, పోయిన తేదీలు రాసి పెట్టుకోమని పిల్లలకు చెప్పండి. 18 నుంచి 54 ఏళ్ల మధ్యవాళ్లు భాషా సామర్థ్యం చూపించాలి, 20 ప్రశ్నల పరీక్షలో 15 సరిగ్గా రాయాలి. ఆ తర్వాత దరఖాస్తు పరిశీలన, ప్రమాణం, పాస్‌పోర్టు. స్టూడెంటుగా వెళ్లినవాళ్లకు చదువు, వర్క్ పర్మిట్, పీఆర్, ఈ మూడేళ్ల నివాసం అన్నీ కలిపితే ఏడెనిమిదేళ్లు పడుతుందని లెక్కేసుకోండి. పీఆర్ ఆలస్యమైతే ఇంకా ఎక్కువ. పైగా 2024 జనవరిలో కెనడా స్టడీ పర్మిట్ల మీద పరిమితి పెట్టింది. అప్పట్లో మేము వెళ్లినంత తేలిగ్గా ఇప్పుడు లేదు.

మా ఊరి దగ్గర ఏజెంటు "కెనడా ద్వారా అమెరికా" ప్యాకేజీ అంటున్నాడు. కట్టొచ్చా?

కట్టవద్దు. ఇది నేను బతిమాలి చెప్పే మాట.

నిరుడు ఒక తండ్రి వచ్చాడు. మామిడి రైతు, నాలుగెకరాల తోతాపురి తోట. కొడుకును కెనడా పంపిస్తాం, అక్కడికి చేరిన ఆరు నెలల్లో టీఎన్ మీద అమెరికాలో ఉద్యోగం అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. అడ్వాన్సు కట్టేశాడు. మిగతా దానికి తోట అమ్మే ఆలోచనలో ఉన్నాడు. వాళ్లు ఇచ్చిన కాగితంలో "టీఎన్ వీసా ప్రాసెసింగ్" అని ఒక లైను, దాని పక్కన ఒక పెద్ద మొత్తం రాసి ఉన్నాయి. ఆరు నెలల్లో ఎవరికీ కెనడా పౌరసత్వం రాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. తోట నిలిచింది, అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

కెనడా ఇమిగ్రేషన్ విషయంలో డబ్బు తీసుకుని సలహా ఇచ్చే హక్కు అక్కడి లాయర్లకు, క్యూబెక్ నోటరీలకు, అక్కడి కన్సల్టెంట్ల కాలేజీ (వాళ్లను నియంత్రించే సంస్థ) ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు మాత్రమే ఉంది. ఆ కాలేజీ వెబ్‌సైటులో సభ్యుల పేర్లు ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. ఏజెంటును లైసెన్సు నంబరు అడగండి. ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే వాళ్ల పేరు మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో కూడా చూడండి. కెనడాకు చదువుకోడానికి, అక్కడే స్థిరపడటానికి పంపడం వేరే నిర్ణయం, అది మంచిదే కావచ్చు. టీఎన్ ఆశ చూపించి దానికి అప్పు చేయించడం మాత్రం మోసం.

ఏయే ఉద్యోగాలకు టీఎన్ ఇస్తారు? సాఫ్ట్‌వేర్‌కు ఇస్తారా?

ఒప్పందానికి జతచేసిన పట్టికలో అరవైకి పైగా వృత్తులు ఉన్నాయి. ఆ పట్టికలో ఉంటేనే. అకౌంటెంటు, ఆర్కిటెక్టు, ఇంజనీరు, కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్టు, ఫార్మసిస్టు, రిజిస్టర్డ్ నర్సు, ఫిజియోథెరపిస్టు, పశువైద్యుడు, లైబ్రేరియన్, గ్రాఫిక్ డిజైనర్, మేనేజ్‌మెంట్ కన్సల్టెంటు, హోటల్ మేనేజర్, ల్యాండ్ సర్వేయర్, లాయరు, కాలేజీ అధ్యాపకుడు, రకరకాల సైంటిస్టులు ఇందులో ఉన్నారు. ఒక్కో వృత్తి పక్కన ఏ చదువు ఉండాలో కూడా రాసి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గరే అసలు చిక్కు. పట్టిక తయారైన నాటికి ఇప్పటి ఉద్యోగాల పేర్లు లేవు. "ప్రోగ్రామర్" అనే పేరు అందులో లేదు, "డేటా సైంటిస్టు" లేదు, "డెవ్ఆప్స్" అసలే లేదు. కాబట్టి మనవాళ్లు రెండు దారుల్లో వెళతారు. ఒకటి ఇంజనీరు, రెండోది కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్టు. ఇంజనీరు కింద వెళ్లాలంటే ఇంజనీరింగ్ డిగ్రీ, లేదా అక్కడి రాష్ట్ర, ప్రావిన్సు లైసెన్సు ఉండాలి. సివిల్ చదివి కోడింగ్ చేస్తున్నా, ఎంసీఏ చదివి "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్" అనే హోదాలో ఉన్నా అధికారి తప్పకుండా ప్రశ్నిస్తాడు. 2025 జూన్‌లో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ తన మార్గదర్శకాలను సవరించి, ఇంజనీర్ల చదువుకూ చేసే పనికీ సంబంధం ఉండాలన్న విషయాన్ని ఇంకా గట్టిగా చెప్పింది.

సిస్టమ్స్ అనలిస్టుకు డిగ్రీ ఉండాలి, లేదా రెండేళ్లకు తగ్గని డిప్లొమాతో పాటు మూడేళ్ల అనుభవం ఉండాలి. అయితే ఆ డిప్లొమా అమెరికాదో కెనడాదో అయి ఉండాలి. మన పాలిటెక్నిక్ డిప్లొమా ఈ లెక్కలోకి రాదు. పని కూడా వ్యవస్థను విశ్లేషించి రూపకల్పన చేసేదిగా ఉండాలి. రోజంతా కోడ్ రాయడమే పని అని కంపెనీ ఇచ్చే లెటర్‌లో రాస్తే అది ప్రోగ్రామింగ్ అంటారు.

నాకు మొదటిసారి ఇంజనీరు కింద ఇచ్చారు. రెండో కంపెనీకి మారినప్పుడు ఉద్యోగం పేరు అదే, పని మాత్రం మేనేజ్‌మెంటు వైపు ఉందని అధికారి అరగంట ప్రశ్నలు వేశాడు. హోదా పేరు చూసి ఇవ్వరు, పని చూసి ఇస్తారు. ఆ అరగంట టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

పట్టికలో ఉన్న ఎకనమిస్టు వృత్తి గురించి ఒక ముక్క. ఫైనాన్షియల్ అనలిస్టులు, మార్కెట్ రీసెర్చ్ వాళ్లు ఆ పేరు మీద రాలేరని 2017లోనే స్పష్టం చేశారు.

ఎస్వీయూ డిగ్రీ, జేఎన్‌టీయూ అనంతపురం డిగ్రీ చెల్లుతాయా?

చెల్లుతాయి. చదువు ఏ దేశంలో అయినా పరవాలేదు. అమెరికా, కెనడా, మెక్సికోల బయట చదివిన డిగ్రీ అయితే, అది అక్కడి దేనికి సమానమో చెప్పే ఎవాల్యుయేషన్ జతచేయాలి. గుర్తింపు ఉన్న సంస్థ చేత చేయించుకోవాలి. నాలుగేళ్ల బీటెక్‌కు ఇబ్బంది ఉండదు. మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ ఒక్కటే ఉంటే అక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానమని ఇవ్వకపోవచ్చు. ఎంఎస్సీ, ఎంకామ్ కూడా ఉంటే బలం వస్తుంది. ఆఫర్ వచ్చేదాకా ఆగకుండా ముందే ఎవాల్యుయేషన్ చేయించి పెట్టుకోవడం మేలు.

ఇక్కడి తల్లిదండ్రులు పిల్లలకు నిజంగా సాయపడగలిగేది ఈ పనిలోనే. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే దేశం దాటిన పిల్లలు ఎంతమందో. ఓడీ, అన్ని సెమిస్టర్ల మెమోలు, ట్రాన్స్‌క్రిప్ట్స్ యూనివర్సిటీ నుంచి ఇప్పుడే తీసి పెట్టండి. అనంతపురం తిరగాల్సి వస్తే ఒకసారికి తిరగండి. మెమోలో పేరు, పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు ముందా వెనకా అన్నది సరిచూసుకోండి. మన దగ్గర ఇంటిపేరు అక్షరం ముందు రాస్తాం, అక్కడ అది చివరికి పోతుంది. దీని వల్లే బోర్డర్‌లో ఆగినవాళ్లు ఉన్నారు.

ఇంకొక్కటి. చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామనే వాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. అది బయటపడితే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అమెరికా ప్రవేశం జీవితాంతం మూసుకుపోతుంది. మూడేళ్ల అనుభవం లేకపోతే మూడేళ్లు ఆగి వెళ్లడమే నయం.

నర్సులు, డాక్టర్ల సంగతి?

నర్సులకు ఇది చాలా మంచి దారి. కెనడాలోని విండ్సర్‌లో ఇల్లు, నదికి అవతల డెట్రాయిట్ ఆసుపత్రిలో డ్యూటీ. రోజూ అలా వెళ్లొచ్చే నర్సులు చాలామంది ఉన్నారు. కావాల్సినవి పౌరసత్వం, పనిచేసే రాష్ట్రంలో లైసెన్సు, దానికి ముందు ఎన్‌క్లెక్స్ పరీక్ష, ఆపైన విదేశీ వైద్య సిబ్బందికి ఇచ్చే వీసాస్క్రీన్ సర్టిఫికెట్. ఫిజియోథెరపిస్టులకు, ల్యాబ్ టెక్నాలజిస్టులకు కూడా వీసాస్క్రీన్ అవసరం. తిరుపతి స్విమ్స్‌లోనో మరో నర్సింగ్ కాలేజీలోనో చదివి కెనడాలో స్థిరపడిన అమ్మాయిలకు ఈ సంగతి తెలిస్తే చాలా ఉపయోగం.

డాక్టర్లకు మాత్రం బోధన, పరిశోధన కోసమే. రోగులను చూసే ఉద్యోగానికి టీఎన్ పనికిరాదు.

దరఖాస్తు ఎలా? కాన్సులేటుకు పోవాలా?

కెనడా పౌరులు కాన్సులేటుకు పోనక్కర్లేదు. నేరుగా సరిహద్దుకు వెళ్లి అక్కడి అమెరికా అధికారికి కాగితాలు ఇస్తారు. నయాగరా దగ్గరి వంతెనల మీద గానీ, డెట్రాయిట్ దగ్గర గానీ, లేదంటే టొరంటో, వాంకూవర్, కాల్గరీ లాంటి విమానాశ్రయాల్లో విమానం ఎక్కేముందే ఉండే అమెరికా తనిఖీ కౌంటర్లో గానీ. రుసుము 50 డాలర్లు, దానికి తోడు ఐ-94 (ఎప్పటి వరకు ఉండవచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) రుసుము. సరిగ్గా ఉంటే ఆ గంటలోనే తేలిపోతుంది. కంపెనీ కావాలనుకుంటే ముందే ఐ-129 ఫారం వేసి అనుమతి తెప్పించుకోవచ్చు. డబ్బు, సమయం ఎక్కువ పడతాయి, గుండెదడ తగ్గుతుంది.

మూడు కాగితాలు ప్రాణం: కెనడా పాస్‌పోర్టు, చదువు రుజువులు, కంపెనీ లెటర్. ఈ లెటర్ మీదే అంతా నిలబడి ఉంటుంది. పట్టికలోని ఏ వృత్తి కింద తీసుకుంటున్నారు, రోజూ ఏం పని చేయాలి, ఎంతకాలం, జీతం ఎంత, ఈ మనిషి చదువు ఆ పనికి ఎలా సరిపోతుంది అన్నవి అందులో ఉండాలి. హెచ్‌ఆర్ వాళ్లు ఒక పేజీలో మామూలు ఆఫర్ లెటర్ ఇచ్చేసి అదే చాలంటారు. చాలదు. మొహమాటపడకుండా మళ్లీ రాయించుకోండి.

సొంత కంపెనీ పెట్టుకుని దాని పేరు మీద టీఎన్ తీసుకోవడం కుదరదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు వేరే ఉండాలి.

సరిహద్దులో కాదంటే?

అక్కడ అప్పీలు అంటూ ఉండదు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని మర్యాదగా అడగండి. కారణం రాసుకుని, ఆ లోపం సరిచేసుకుని మళ్లీ వెళ్లవచ్చు. మళ్లీ వెళ్లినప్పుడు ముందు కాదన్న సంగతి దాచవద్దు, వాళ్ల కంప్యూటరులో ఉంటుంది. అధికారితో వాదన పెంచుకుని, ఆయన వెనక్కి పంపే ఆర్డరు రాస్తే ఐదేళ్ల నిషేధం పడవచ్చు.

ఎన్నేళ్లు ఉండొచ్చు? ఉద్యోగం పోతే?

ఒకసారికి మూడేళ్ల వరకు ఇస్తారు. 2008 వరకు ఏడాదే ఉండేది. తర్వాత పొడిగింపులకు ఇన్నిసార్లు అనే హద్దు లేదు. ఉండే ఉద్దేశం తాత్కాలికమని ప్రతిసారీ చూపించాలి, అంతే.

కంపెనీ మారితే కొత్త కంపెనీ పేరు మీద టీఎన్ వచ్చాకే పనిలో చేరాలి. హెచ్-1బీలో లాగా పిటిషన్ వేసిన వెంటనే చేరే వీలు ఇక్కడ లేదు. ఉద్యోగం పోతే 60 రోజులు, లేదా ఐ-94 గడువు, ఏది ముందైతే అప్పటి వరకు ఉండవచ్చు. ఉద్యోగం పోయిందని ఇంటికి ఫోన్ చేసిన పిల్లలను దయచేసి తిట్టవద్దు. హెచ్-1బీ పిల్లలకు లేని ఒక ధైర్యం వీళ్లకు ఉంది. కారెక్కితే కెనడాలో సొంత దేశం ఉంది, అక్కడ పని వెతుక్కోవచ్చు, అమెరికాలో మళ్లీ ఆఫర్ వస్తే మళ్లీ వెళ్లవచ్చు.

అబ్బాయి డాలస్‌లో టీఎన్ మీద ఉన్నాడని సంబంధం వచ్చింది. మా అమ్మాయి పరిస్థితి ఏమిటి?

ఈ ప్రశ్నకు తొందరగా జవాబు చెప్పను. కూర్చోబెట్టి చెబుతాను.

టీఎన్ ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకు, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలకు టీడీ ఇస్తారు. టీడీ మీద చదువుకోవచ్చు. ఉద్యోగం చేయకూడదు. హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే హెచ్-4లో కొందరికి దొరికే పని అనుమతి టీడీలో లేదు. అంటే ఇక్కడ ఇన్ఫోసిస్‌లోనో బ్యాంకులోనో పనిచేస్తున్న మీ అమ్మాయి అక్కడికి వెళ్లాక తన జీతం ఆపేసుకోవాలి. తనకు సొంతంగా వేరే వర్క్ వీసా రావాలి, లేదా ఇద్దరూ కెనడాకు మారాలి. కెనడాలో అయితే భర్త స్పాన్సరు చేసి పీఆర్ ఇప్పించవచ్చు, అప్పుడు ఉద్యోగం చేసుకోవచ్చు. తనకు కూడా కెనడా పౌరసత్వం వచ్చాక తన వృత్తి పట్టికలో ఉంటే సొంతంగా టీఎన్ తీసుకోవచ్చు. అది ఏళ్ల మాట.

ఇది నిశ్చితార్థానికి ముందే అమ్మాయికి తెలియాలి. అబ్బాయి మంచివాడే కావచ్చు, కుటుంబం మంచిదే కావచ్చు. అయినా పెళ్లయ్యాక అపార్ట్‌మెంటులో ఒంటరిగా కూర్చుని "నాకెవరూ చెప్పలేదు" అని ఏడ్చిన అమ్మాయిలతో నేను మాట్లాడాను. అబ్బాయి తరఫువాళ్లు చెప్పకపోతే మీరు అడగండి. అడగడం తప్పు కాదు.

అమ్మాయిది ఇండియా పాస్‌పోర్టు కాబట్టి టీడీకి కాన్సులేటులో స్టాంపింగ్ తప్పదు. మన రాష్ట్రం హైదరాబాద్ కాన్సులేటు పరిధి. కానీ దేశంలో ఏ కాన్సులేటులోనైనా అపాయింట్‌మెంటు తీసుకోవచ్చు, తిరుపతి వాళ్లకు చెన్నై దగ్గర. ఎక్కడ తేదీ ముందు దొరికితే అక్కడికి వెళ్లండి, చెన్నైకి సప్తగిరి రైలైనా, హైదరాబాద్‌కు వెంకటాద్రి అయినా. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించిన సర్టిఫికెట్, పెళ్లి ఫొటోలు, అబ్బాయి టీఎన్, ఐ-94, కంపెనీ లెటర్, జీతం స్లిప్పులు పెట్టుకోండి.

టీఎన్ మీద ఉంటే గ్రీన్‌కార్డు త్వరగా వస్తుందా?

రాదు. కెనడా పౌరుడు కదా, కెనడా లైనులో నిలబడతాడు కదా అని అనుకుంటారు. గ్రీన్‌కార్డు లైను పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. మదనపల్లెలో పుట్టినవాడు కెనడా పాస్‌పోర్టు తీసుకున్నా ఇండియా లైనులోనే నిలబడాలి. ఉద్యోగ ఆధారిత కోటాలో ఏ దేశానికీ ఏడు శాతం దాటి ఇవ్వరు, అందుకే మన లైను పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం లెక్క వాడుకోవచ్చు. కెనడాలో పుట్టిన పిల్లల లెక్క తల్లిదండ్రులకు పనికిరాదు.

ఇంకో చిక్కు: హెచ్-1బీ ఉన్నవాళ్లు గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకుంటూనే ఉండవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. టీఎన్‌కు ఆ వెసులుబాటు లేదు. దరఖాస్తు నడుస్తుండగా సరిహద్దు దాటితే, పొడిగింపు అడిగితే ప్రశ్నలు వస్తాయి. అందుకే గ్రీన్‌కార్డు కావాలనుకున్నవాళ్లు చాలామంది ముందు హెచ్-1బీకి మారతారు. ఎప్పుడు ఏది వేయాలన్నది లాయరు చెప్పాల్సిన మాట.

కెనడా పౌరసత్వం తీసుకుంటే ఊళ్లో పొలం పోతుందా?

పోదు. కానీ తెలుసుకోవాల్సింది చాలా ఉంది, చిత్తూరు రైతు కుటుంబాలకు మరీ ముఖ్యం.

మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. కెనడా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, ఓటు పోతుంది. ఆ తర్వాత పాత భారత పాస్‌పోర్టు వాడితే నేరం. దాన్ని సరెండర్ చేసి ఓసీఐ కార్డు తీసుకోవాలి. దానితో జీవితాంతం వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు.

ఓసీఐ ఉన్నవాళ్లు ఇల్లు, ఇంటి స్థలం, ఫ్లాటు, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇక్కడ నివసిస్తూ భారత పౌరుడిగా ఉన్నప్పుడు కొన్న పొలం ఉంచుకోవచ్చు. తండ్రి తర్వాత వారసత్వంగానో వీలునామా ద్వారానో వచ్చిన పొలం కూడా ఉంచుకోవచ్చు. అయితే తండ్రి బతికుండగా గిఫ్ట్ సెటిల్‌మెంటు రాసి వ్యవసాయ భూమి ఇవ్వడం కుదరదు. మన వైపు పంపకాలు ఎక్కువగా గిఫ్ట్ సెటిల్‌మెంటుతోనే చేస్తారు కాబట్టి ఈ మాట పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించాలి అనిపిస్తుంది. కొడుకు ఇంకా భారత పౌరుడిగా ఉన్నప్పుడే పంపకాలు తేల్చుకోవాలా, వీలునామా రాయాలా అన్నది ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ కూర్చుని, మంచి వకీలును పెట్టుకుని మాట్లాడుకోండి. ఆ పొలం అమ్మాల్సి వస్తే ఇక్కడ నివసించే భారత పౌరులకే అమ్మాలి.

టీఎన్ మీద ఉన్న మా వాడు సంక్రాంతికి వస్తే తిరిగి పోవడానికి స్టాంపింగ్ కావాలా?

కెనడా పాస్‌పోర్టు ఉన్నవాడికి అక్కర్లేదు. టీఎన్ గడువు ఉంటే పాత ఐ-94, కంపెనీ లెటర్, జీతం స్లిప్పులు చేతిలో పెట్టుకుని చెన్నై నుంచి నేరుగా వెళ్లవచ్చు. విమాన సంస్థ కౌంటర్లో వీసా ఎక్కడ అని అడుగుతారు, కెనడా పౌరులకు టీఎన్‌కు వీసా అక్కర్లేదని ఓపిగ్గా చెప్పాలి. ఇండియా పాస్‌పోర్టు ఉన్న భార్యకు మాత్రం టీడీ స్టాంపు గడువు చూసుకుని టికెట్లు వేయండి.

మెక్సికో వాళ్లకు కూడా ఇంతేనా?

వృత్తుల పట్టిక అదే. వాళ్లు మాత్రం డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపి కాన్సులేటులో వీసా తీసుకోవాలి. మెక్సికో వాళ్లకు ఏడాదికి 5,500 అనే పరిమితి ఉండేది, 2004లో తీసేశారు.

హెచ్-1బీ మీద అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇదే ఒప్పందం మీద కెనడా వెళ్లొచ్చా?

వెళ్లలేరు. కెనడా వైపు కూడా ఈ దారి అమెరికా, మెక్సికో పౌరులకే. 2023 జూలై 16న హెచ్-1బీ వాళ్ల కోసం కెనడా 10,000 వర్క్ పర్మిట్ల పథకం తెరిచింది, మర్నాటికే నిండిపోయింది. అది ఈ ఒప్పందానికి సంబంధం లేని వేరే పథకం.

ఈ ఒప్పందం రద్దయితే?

యూఎస్‌ఎంసీఏ కాలం 16 ఏళ్లు, అంటే 2036 దాకా. ఆరో ఏడాది, 2026 జూలై 1న, మూడు దేశాలూ కలిసి సమీక్షించాలని అందులోనే రాసుకున్నారు. మూడూ ఒప్పుకుంటే మరో 16 ఏళ్లకు పొడిగిస్తారు, లేకపోతే ఏటా సమీక్ష జరుగుతుంది. టీవీలో "టీఎన్ ఖతం" అని స్క్రోలింగ్ చూసి రాత్రికి రాత్రి పిల్లలకు ఫోన్లు చేయకండి. ఇల్లు కొనడం లాంటి పెద్ద నిర్ణయాలు మాత్రం మూడేళ్ల కాగితాన్ని గుర్తుపెట్టుకుని తీసుకోమనండి.

మేము, తల్లిదండ్రులం, వెళ్లి వాళ్లతో ఉండొచ్చా?

తల్లిదండ్రులకు టీడీ రాదు. అమెరికాకైతే మామూలు విజిటర్ వీసా మీదే వెళ్లాలి. పిల్లలు కెనడాకు తిరిగి వచ్చి అక్కడే ఉంటే సూపర్ వీసా ఉంది. 2022 నుంచి దాని మీద ఒకసారికి ఐదేళ్ల వరకు ఉండవచ్చు. దానికి ఆరోగ్య బీమా, పిల్లల ఆదాయం రుజువులు కావాలి. బీపీ, షుగరు మందులు మూడు నెలలకు సరిపడా, ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీషులో టైపు చేయించి తీసుకెళ్లండి. మా అమ్మకు చేతిరాత చీటీతో మొదటిసారి చాలా ఇబ్బంది అయింది.